పని ఎంతవరకు వచ్చిందని అడిగే మనిషి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల బళ్లలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. నా దగ్గర చదువుకున్నవాళ్లు ఇప్పుడు హైదరాబాదులో, చెన్నైలో, గల్ఫులో ఉన్నారు. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు పలకరించి పోతారు. జీతం సంగతి చెబుతారు, ఫ్లాటు కొన్న సంగతి చెబుతారు. ఆఖర్న లేవబోతూ, "అన్నీ ఉన్నాయి మాస్టారూ, ఎందుకో వెలితిగా ఉంటాది" అంటారు. ఆ వెలితి నాకు కొత్త కాదు. జీవితంలో ఏం చెయ్యాలో తేల్చుకోవడం ఒక సంగతి, స్నేహితులను నిలుపుకోవడం వేరే సంగతి అనుకుని సగం జీవితం గడిపినవాడిని. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయని తెలిసేసరికి జుట్టు నెరిసింది. నీకింకా నల్లగానే ఉంది కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

1. ఊరు చూపించిన ఉద్యోగాన్నే ఆశయమనుకోకు.

మా రోజుల్లో మా వైపు కుర్రాడికి తెలిసిన దారులు కొన్నే. మిలటరీ, రైల్వే, టీచరు ట్రైనింగు, కాదంటే భిలాయి ఉక్కు కర్మాగారం. ఇందులో తప్పేమీ లేదు. గింజలు కొలిచి వండుకునే ఇంట్లో నెల జీతమే దేవుడు. కాకపోతే, ఎలా బతకాలన్న ప్రశ్నకే ఉద్యోగం జవాబు చెబుతుంది. ఎందుకోసం బతకాలన్నది నిన్ను నువ్వే అడగాలి. పర్లాకిమిడి కాలేజీలో చదువుతున్నప్పుడు నాకొక కోరిక ఉండేది. మా ప్రాంతంలో దున్నేవాళ్లు, వలవేసేవాళ్లు, నేసేవాళ్లు పనిలో వాడుకునే మాటలన్నీ ఒక పుస్తకంలోకి ఎక్కించాలని. ఉద్యోగం వచ్చాక ఆ కోరిక పెట్టె అడుక్కి పోయింది. అక్కడే గురజాడ అప్పారావుగారు గుర్తొస్తారు. ఆయన మొదట ఇంగ్లీషులో పద్యాలు రాశారు. 1883 నాటి ఆయన ఇంగ్లీషు 'సారంగధర'ను కలకత్తా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ మెచ్చుకుని తన పత్రికలో మళ్లీ వేసుకున్నారు. ఆ మెచ్చినాయనే, నీ మాతృభాషలో రాయవయ్యా అని సలహా ఇచ్చారు. కలకత్తాలో దొరికిన మెప్పుతో తృప్తిపడి ఉంటే గురజాడ ఒక మంచి ఇంగ్లీషు పద్యకర్తగా మిగిలిపోయేవారు. మెప్పు దొరికిన చోటు వదిలి, తన అవసరం ఉన్న చోటికి వచ్చారు. నీ ఆశయం నీదో కాదో తెలుసుకోవాలంటే ఒకటే పరీక్ష: ఎవరూ చూడకపోయినా, ఎవరూ మెచ్చకపోయినా ఆ పని చేస్తావా?

2. స్నేహితుడు నీ దారినే నడవాలని పట్టుబట్టకు.

విజయనగరం మహారాజా వారి బడిలో ఇద్దరు కుర్రాళ్లు కలిసి చదువుకున్నారు. ఒకరు గురజాడ, 1862లో పుట్టారు. రెండోవారు శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి. చదువు అవగానే దారులు చీలిపోయాయి. గిడుగు 1880లోనే పర్లాకిమిడి రాజావారి బడిలో మాస్టరుగా చేరి, కొండల్లోని సవరల భాష మీద మనసు పెట్టారు. గురజాడ విజయనగరం మహారాజు ఆనందగజపతి కొలువుకు దగ్గరై, నాటకాలు, శాసనాల పనిలో పడ్డారు. ఆయన 'కన్యాశుల్కం' 1892లో ప్రదర్శనకెక్కింది, 1897లో అచ్చయింది. ఒకరిది సంస్థానం, ఇంకొకరిది మన్యం. పాతికేళ్ల తరవాత, బళ్లలో పిల్లలకు ఎలాంటి తెలుగు నేర్పాలన్న పేచీ వచ్చినప్పుడు ఇద్దరూ ఒకే వైపు నిలబడ్డారు. గిడుగు శాసనాలనుంచి, ప్రాచీన కావ్యాలనుంచి ఉదాహరణలు తవ్వి తీసి పండితులతో వాదించారు. గురజాడ 'దిద్దుబాటు' లాంటి కథ రాసి, జనం మాట్లాడే తెలుగులో ఏం చెయ్యొచ్చో చేసి చూపించారు. ఇద్దరూ ఒకే పని చేస్తూ కూర్చుని ఉంటే వాడుక భాష ఉద్యమానికి ఒక చెయ్యి తక్కువయ్యేది. కలిసి తిరగడం తగ్గింది కదా అని స్నేహం తెగిందనుకోకు. నువ్వు వెళ్లని చోటికి నీ స్నేహితుడు వెళ్లి వస్తే, నీకు తెలియనిది నీకు చెప్పగలిగేది అతనే.

3. పొగిడేవాడికి టీ ఇప్పించు. అడిగేవాడికి పీట వెయ్యి.

పర్లాకిమిడిలో నాతో చదివినవాడొకడు భిలాయి వెళ్లిపోయాడు. వాడిది ఆమదాలవలస దగ్గర పల్లె. ఏడాదికి రెండు మూడు ఉత్తరాలు రాసేవాడు. పిల్లల చదువులు, కొలిమి వేడి, ఊళ్లో అమ్మ ఆరోగ్యం, అన్నీ రాసి చివర ఒక వాక్యం చేర్చేవాడు: "ఒరే, నీ మాటల పుస్తకం ఎంతవరకు వచ్చింది?" మొదట్లో నవ్వుకునేవాణ్ణి. తరవాత సంజాయిషీలు రాశాను. ట్రాన్స్‌ఫరు అయిందనీ, చెల్లి పెళ్లనీ, పరీక్ష పేపర్లు దిద్దాలనీ. ఒకసారి సెలవుల్లో ఎదురుపడి, "నీకు తీరిక లేదా, మనసు లేదా? ఏటో ఒకటి సెప్పు" అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఉత్తరాలకు జవాబులు మానేశాను. అప్పట్లో నా చుట్టూ ఉన్నవాళ్లు నన్ను మంచి మాస్టారనేవారు, సభల్లో శాలువా కప్పేవారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. నేను ఏం చెయ్యాలనుకుని చెయ్యలేదో వాళ్లకు తెలియదు, అంతే. తెలిసినవాడు ఒకడే, వాణ్ణే దూరం పెట్టాను. మనల్ని ఇబ్బంది పెట్టే ప్రశ్న అడగాలంటే అడిగేవాడు మన మీద బోలెడు నమ్మకం పెట్టుకుని ఉండాలి. ఆ నమ్మకాన్ని దెప్పిపొడుపుగా తీసుకోవడం నేను చేసిన తప్పుల్లో పెద్దది.

4. కష్టంలో వచ్చినవాణ్ణి గుర్తుపెట్టుకో. రానివాడి లెక్క రాయకు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి తోటలు వరసలు వరసలుగా పడిపోయాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది, జీడి కూడా అంతే. ఒక్క రాత్రిలో ఒక తరం సంపాదన నేలకొరిగింది. కవిటి వైపు మా బంధువుల తోట పోయిందని తెలిసి వెళ్లాను. కరెంటు లేదు, ఫోన్లు లేవు. కబురు అందే వీలే లేని ఆ రోజుల్లో, పక్క ఊళ్లనుంచి కొందరు రంపాలు, గొడ్డళ్లు, బియ్యం, నీళ్ల డబ్బాలు పట్టుకుని వచ్చేశారు. ఏం కావాలని ఎవరూ అడగలేదు. దారికి అడ్డంగా పడిన మాను మీద కూర్చుని పని మొదలుపెట్టారు. అదే చోట ఇంకొకటి కూడా చూశాను. ఎవరెవరు రాలేదో వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటూ కూర్చున్న పెద్దాయన, ఆ రానివాళ్లలో ఒకడి ఇంటి కప్పే ఎగిరిపోయిందని వారం తరవాత తెలిసి తల దించుకున్నాడు. నా స్వభావమూ ఆయన స్వభావమే. స్నేహంలో జమాఖర్చు పుస్తకం ఉండాలనుకుంటే జమ పేజీ ఒక్కటే ఉంచుకో.

5. రోజు పనిలోకి దించని ఆశయం కోరికగానే పోతుంది.

గిడుగు సవర నేర్చుకున్న తీరు చూడు. ఆ భాషకు అప్పటికి పుస్తకాల్లేవు, పలకా బలపమూ లేవు. సవర మాట్లాడేవాణ్ణి ఇంట్లో పెట్టుకుని, అడిగి, విని, రాసుకుని నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం వాచకాలు రాశారు, వాళ్ల పాటలు, కథలు పోగుచేశారు. ప్రభుత్వం బహుమానంగా సొమ్ము ఇస్తామంటే, దానితో సవరలకు బడి పెట్టమన్నారు. కొండల్లో తిరిగితే మలేరియా పట్టుకుంది, దానికి వాడిన క్వినైను చెవులు తీసుకుంది. వినికిడితోనే నడిచే పని చేసే మనిషికి వినికిడి పోవడమంటే ఏమిటో ఊహించు. అయినా ఆయన సవర భాషా గ్రంథం 1931లో వచ్చింది, సవర నిఘంటువు 1938లో వచ్చింది. 1940 జనవరిలో కన్నుమూశారు. చేతికి దొరికిన మాటను ఆ రోజే రాసిపెట్టుకునే అలవాటు లేకపోతే ఆ నిఘంటువు లేదు. నేను మాత్రం తీరిగ్గా కూర్చుని, ఒకేసారి, గొప్పగా మొదలుపెడదామనుకున్నాను. అలాంటి తీరిక ఎవరికీ రాదు. నీ ఆశయం పెద్దదే కావచ్చు. ఈ రోజు రాత్రి పడుకునేలోపు దానికి సంబంధించి ఏం చేస్తావో చెప్పగలిగితేనే అది నీ చేతిలో ఉన్నట్టు.

6. ఆలస్యమైందని వదిలెయ్యకు, ఆలస్యానికి ఖరీదు లేదనీ అనుకోకు.

మురపాకలో పుట్టిన కాళీపట్నం రామారావుగారు విశాఖలో బడిపంతులుగా పనిచేసి 1979లో రిటైరయ్యారు. ఆయన కథల సంపుటి 'యజ్ఞంతో తొమ్మిది'కి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ వయసులో ఎవరైనా శాలువాలు మడతపెట్టుకుని కూర్చుంటారు. ఆయన పురస్కారం సొమ్ముతో శ్రీకాకుళంలో కథానిలయం తలపెట్టి, 1997 ఫిబ్రవరి 22న తెరిచారు. అప్పటికి ఆయనకు 72 ఏళ్లు. తెలుగులో వచ్చిన ప్రతి కథా ఒక చోట దొరకాలన్నది సంకల్పం. పాత పత్రికలు ఎక్కడెక్కడివో తెప్పించి, ఉన్నవాళ్లను అడిగి, పుస్తకాలు పోగుచేశారు. అడిగినప్పుడు ఇచ్చిన రచయితలు, పాఠకులు, మిత్రులు లేకపోతే ఆ భవనం గోడలుగానే ఉండేది. ఆయన్ని చూసి నేనూ రిటైరయ్యాక పెట్టె అడుగునుంచి నోటుబుక్కు తీశాను. కుంచం, అడ్డ, తవ్వ, సోల లాంటి కొలతలు చెప్పేవాళ్లు ఇంకా దొరికారు. తెరచాప పడవలు నడిపిన పెద్దలు మాత్రం మా వైపు తీరంలో చాలామంది వెళ్లిపోయారు, వాళ్లతోపాటే గాలికీ, తాడుకీ వాళ్లు పెట్టుకున్న పేర్లూ వెళ్లిపోయాయి. మొదలుపెట్టినందుకు సంతోషమే. ఇరవై ఏళ్ల ముందు మొదలుపెట్టి ఉంటే ఆ పేజీలు నిండి ఉండేవి. ఈ రెండూ నిజాలే, ఒకదానితో ఇంకొకటి మాసిపోదు.

7. స్నేహితుడి ఆశయం తెలియకపోతే, నీకు తెలిసింది అతని అడ్రసు మాత్రమే.

భిలాయి మిత్రుడు రిటైరై ఊరొచ్చాడని విని, ముఖం చెల్లకపోయినా వెళ్లాను. ఇంటి ముందు జాగాలో పది పదిహేనుమంది కుర్రాళ్లు రొమ్ముకు తప్పెట కట్టుకుని, కాళ్లకు గజ్జెలతో గుండ్రంగా తిరుగుతున్నారు. వీడు మధ్యలో నిలబడి అడుగులు దిద్దుతున్నాడు. తన పల్లెలో ఆగిపోయిన తప్పెటగుళ్ల జట్టును మళ్లీ నిలబెట్టాలన్నది వాడికి చిన్నప్పటినుంచీ ఉన్న కోరికట. అన్నేళ్లు వాడు నా పని అడిగాడు. వాడికీ ఒకటి ఉంటుందని, అదేమిటని నేను ఒక్క ఉత్తరంలోనూ అడగలేదు. పాత కోపం సంగతి వాడు ఎత్తలేదు. మంచినీళ్లిచ్చి, "పుస్తకం ఎంతవరకు వచ్చింది?" అన్నాడు. నేను నోటుబుక్కు చూపించి, ఆ రోజే మొదటిసారి వాడి జట్టు సంగతి అడిగాను. ఇప్పుడు నా దగ్గర లేని మాటలు వాడు తెస్తాడు, వాడి కుర్రాళ్లకు పాత పాటలు తెలిసిన ముసలివాళ్లను నేను వెతికి పెడతాను.

స్నేహితుడి పనిని తన పనిగా ఎరగడమంటే ఎంతదూరం పోతుందో గిడుగు చూపించారు. 1914లో గురజాడ వాడుక భాషను సమర్థిస్తూ మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం రాసి ఇచ్చారు. మరుసటి ఏడాది నవంబరు 30న కన్నుమూశారు. అధికారం అవతలి వైపు, పండితులు అవతలి వైపు. గిడుగు ఆగలేదు. 1919లో వీరేశలింగంగారు అధ్యక్షులుగా రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడినప్పుడు అందులో నిలబడ్డారు. అదే ఏడాది 'తెలుగు' పత్రిక నడిపారు. చెవులు వినిపించకపోయినా ఊరూరూ తిరిగి సభల్లో వాదించారు. మిత్రుడు పోయాక ఇరవైనాలుగేళ్లు ఇద్దరి పనీ ఒక్కరే మోశారు. ఈ రోజు నువ్వు చదివే పత్రిక, నీ బిడ్డ బడిలో చదివే పాఠం, నేను రాస్తున్న ఈ వాక్యం ఆ మోతవల్లే సాధ్యమయ్యాయి.

కాబట్టి నాయనా, నీ ఫోనులో వందల పేర్లుంటాయి. వాటిలో ఎంతమంది జీతం ఎంతో నీకు తెలిసే ఉంటుంది. వాళ్లలో ఒక్కరినైనా పిలిచి, "నువ్వు ఏం చెయ్యాలనుకున్నావు, ఎంతవరకు వచ్చింది?" అని అడుగు. వాళ్లు చెప్పేది విన్నాక నీది కూడా చెప్పు. మళ్లీ సంక్రాంతికి వచ్చినప్పుడు నేను అడిగేది కూడా అదే.