టవరు ఆగినా కబురు అందేదెలా?

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అటువంటప్పుడు సెల్ టవరు ఆగితే, జనరేటరుకు డీజిలు లేదన్న కబురు కూడా అందక కూలరులో పాలు విరిగిపోతాయి.

బ్రియార్ యాప్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లు టవరు లేకుండానే బ్లూటూత్ ద్వారా కబురు అందించుకోగలవు. అయితే ఈ అందుబాటు సుమారు 10 మీటర్లే. రేపల్లె కబురు తెనాలికి నేరుగా చేరదు. యాప్‌లోని ఫోరంలో రాస్తే అది వ్యాను డ్రైవరు ఫోనులోకి ఎక్కుతుంది. దారిలోని సంఘాల ఫోన్లలోనూ, చివరకు తెనాలిలోనూ దిగుతుంది. పాలు చేరే దారే కబురుకూ దారి.

గమనించవలసినవి:
1. కార్యదర్శులు, డ్రైవర్లు ముందుగానే యాప్ ఎక్కించుకుని, ఒకరినొకరు పరిచయస్థులుగా చేర్చుకుని, ఒకే ఫోరంలో చేరాలి.
2. ఫోనులో ఛార్జింగు ఉండాలి. యాప్, బ్లూటూత్ తెరిచి ఉంచాలి.

ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్లు కాకుండా, తుఫానుల కాలానికి ముందే ఒకసారి పరీక్షించి చూడవలసిందిగా సభ్య సంఘాలను కోరుతున్నాము.