కంప్యూటర్ కొనే ముందు సాకెట్ గురించి తెలుసుకుందాం



పదో తరగతి, ఇంటర్ అయ్యాక పిల్లలకు కంప్యూటర్ కొనాలని మీలో చాలామంది అనుకుంటారు. పమిడిముక్కల నుంచి గుడివాడకో విజయవాడకో వెళ్లి అడిగితే, "ఇది కొత్త సాకెట్ అండీ, స్పీడుగా ఉంటుంది" అనే మాట వినిపించవచ్చు. ఆ మాట ఎంతవరకు నిజమో ఈ నెల చూద్దాం.

సాకెట్ అంటే ఏమిటి?

కంప్యూటర్ లోపలి పెద్ద బోర్డు మదర్‌బోర్డ్. దాని మీద ప్రాసెసర్ కూర్చునే చోటే సాకెట్. కరెంటు, ర్యామ్ నుంచి వచ్చే సమాచారం దీని ద్వారానే ప్రాసెసర్‌కు అందుతాయి.

మన పంట కాలువ తూమునే తీసుకోండి. తూము చిన్నదైతే కాలువ నిండుగా ఉన్నా పొలానికి నీళ్లు చాలవు. అలాగని కాలువలో నీళ్లు లేనప్పుడు పెద్ద తూము పెట్టినా ఉపయోగం లేదు. సాకెట్ కూడా అంతే. అది సొంతంగా వేగం పెంచదు. ఏ ప్రాసెసర్, ఏ ర్యామ్ పెట్టవచ్చో మాత్రం అదే నిర్ణయిస్తుంది.

రెండు ఉదాహరణలు

ఏఎండీ కంపెనీ ఏఎమ్4 సాకెట్ 2016లో వచ్చింది. 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ కూడా అదే సాకెట్‌లో సరిపోయింది. బయాస్ అప్‌డేట్ చేసుకుని, పాత బోర్డు మీదే చాలామంది వేగం పెంచుకున్నారు.

ఇంటెల్ సంగతి వేరు. 2021లో ఎల్‌జీఏ 1700, 2024 అక్టోబరులో ఎల్‌జీఏ 1851 వచ్చాయి. ఒకదాని ప్రాసెసర్ రెండోదానిలో పట్టదు. పైగా కొత్త సాకెట్‌తో వచ్చిన కోర్ అల్ట్రా 9 285కే, విడుదలైనప్పుడు చాలా గేముల్లో పాత ఐ9 14900కే కంటే వెనకబడింది. కరెంటు మాత్రం తక్కువ తీసుకుంది. కొత్త సాకెట్ అంటే ప్రతి పనిలోనూ ఎక్కువ వేగం అని కాదన్నమాట.

ఇక ముందు?

2022లో వచ్చిన ఏఎమ్5ను కనీసం 2027 వరకు కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది. ఇంటెల్ తర్వాతి తరం నోవా లేక్‌కు మళ్లీ కొత్త సాకెట్ ఉంటుందని చెబుతున్నారు. ఏఎమ్5కు, ఎల్‌జీఏ 1851కు డీడీఆర్5 ర్యామ్ మాత్రమే పనికొస్తుంది. ఇంట్లో డీడీఆర్4 ర్యామ్ ఉంటే దాన్ని వీటిలో వాడలేరు.

షాపులో అడగవలసినవి

1. ఈ బోర్డు సాకెట్ పేరేమిటి? రేపు ఇంకా మంచి ప్రాసెసర్ ఇందులో పెట్టుకోవచ్చా?
2. ర్యామ్ డీడీఆర్4నా, డీడీఆర్5నా? తర్వాత పెంచుకోవచ్చా?
3. హార్డ్ డిస్క్ ఇస్తున్నారా, ఎస్‌ఎస్‌డీనా?

పాఠాలు, ప్రాజెక్టులు, పైథాన్ నేర్చుకోవడానికి మధ్యరకం ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉంటే సరిపోతుంది. సాకెట్ పేరు చూసి అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు. ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్‌ను సాధారణంగా బోర్డుకే అతికించేస్తారు. తర్వాత మార్చలేం కాబట్టి కొనేటప్పుడే సరైనది ఎంచుకోవాలి.

పిల్లలతో కలిసి చేయండి

ఇంట్లో విండోస్ కంప్యూటర్ ఉంటే టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కండి. ప్రాసెసర్ పేరు కనిపిస్తుంది. ఆ పేరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో వెతికి, దాని సాకెట్ ఏదో మీ అబ్బాయినో అమ్మాయినో నోట్‌బుక్‌లో రాయమనండి. ఈసారి షాపుకు వెళ్లినప్పుడు పై మూడు ప్రశ్నలూ వాళ్లచేతే అడిగించండి.