నల్లగొండ నీరు – మూడు చిన్న పాఠములు

రసాయన శాస్త్రము ప్రయోగశాలలోని గాజు నాళికలకే పరిమితమని కొందరు విద్యార్థులు తలంచుచుందురు. మన జిల్లా బోరు నీటిని పరిశీలించిన యెడల ఆ అభిప్రాయము తొలగిపోవును.

మన నేల క్రింద గ్రానైటు శిలలు విస్తరించి యున్నవి. వానిలోని ఖనిజముల నుండి ఫ్లోరైడు కొద్దికొద్దిగా భూగర్భ జలములో కరుగును. కాల్షియము తక్కువగను, బైకార్బొనేటు ఎక్కువగను గల నీటిలో అది మరింత నిలిచియుండును. త్రాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు ఆమోదయోగ్యము. వేరు ఆధారము లేనప్పుడు 1.5 వరకు అనుమతింతురు. అంతకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో పండ్లపై మచ్చలు, పిదప కీళ్ల బిగువు, ఎముకల వంకర సంభవించును. మర్రిగూడ ప్రాంతపు పల్లెలు ఈ బాధను తరతరాలుగా ఎరుగును.

మొదటి పాఠము: కాచుట వలన ఫ్లోరైడు పోదు. లీటరుకు 3 మిల్లీగ్రాములు గల నీటిని 5 లీటర్లు కాచి 4 లీటర్లకు తగ్గించినచో అది 3.75 మిల్లీగ్రాములగును. కాచిన నీరు క్రిములను చంపును గాని ఫ్లోరైడును పెంచును. దానికి రంగు, వాసన లేవు; కనుక పరీక్షయే శరణ్యము.

రెండవ పాఠము: మన ఊరి పేరుతో ప్రపంచము ఎరిగిన 'నల్లగొండ పద్ధతి'ని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించినది. నీటిలో సున్నము, బ్లీచింగు పొడి, పటిక కలిపి, మెల్లగా త్రిప్పి, కదల్చక ఉంచవలెను. ఉర్దూలో ఫిట్కరీ అనబడు ఈ పటిక నీటిలో మెత్తని తునకలుగా మారి, ఫ్లోరైడును పట్టుకొని అడుగునకు దిగును. పైతేట నీటిని వేరు చేసికొనవలెను. పాళ్లు మాత్రము నీటి క్షారత్వమును, ఫ్లోరైడును కొలిచి నిర్ణయింపవలెను. పటిక మితిమీరిన అల్యూమినియము, సల్ఫేటు మిగులును.

మూడవ పాఠము: అడుగున మిగిలిన మడ్డిలో ఫ్లోరైడు చేరియుండును. దానిని బావి ప్రక్కన పారబోసినచో చేసిన శ్రమ వ్యర్థము.

2015లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరింపబడిన మంచినీటి పథకము ద్వారా కృష్ణా జలములు మన పల్లెలకు చేరినవి. అది గొప్ప మేలు. అయినను నల్లా రాని దినమున బోరు నీటిని ఆశ్రయించు ఇండ్లు ఉండవచ్చును. పంటిపై ఏర్పడిన మచ్చ మరల మాయదు గనుక నివారణమే చికిత్స.

విద్యార్థులారా! సెలవులకు ఇంటికేగినపుడు ఒక సీసాడు బోరు నీరు తెచ్చి పరీక్షింపజేయుడు. ఫలితమును ఇంటి పెద్దలకు, వారు మాటలాడు భాషలోనే, వివరింపుడు. చదివిన చదువు సార్థకమగుటకు ఇది చాలును.