దాత డబ్బొస్తే సర్కారు ఫీజు ఆగుతుందా?

ప్రశ్న: మాది మూసాపేట. మా ఆయన బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేస్తారు. మేం బీసీలం. మా అమ్మాయికి ఎప్‌సెట్‌లో ముప్పై వేలు దాటిన ర్యాంకు వచ్చింది. కన్వీనర్ కోటాలోనే ఇంజినీరింగ్ సీటు దొరికింది. హైటెక్ సిటీలోని ఒక కంపెనీ ఏడాదికి యాభై వేలు స్కాలర్‌షిప్ ఇస్తామంటోంది. అది తీసుకుంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ పోతుందని చుట్టుపక్కలవాళ్లు భయపెడుతున్నారు. వద్దనమంటారా?
– ఒక తల్లి, మూసాపేట

జవాబు: వద్దనకండమ్మా. ముందు లెక్క చూడండి. బీసీ పిల్లలకు ర్యాంకు పది వేల లోపు ఉంటే ఇంజినీరింగ్ ఫీజు మొత్తం ప్రభుత్వమే భరిస్తుంది. ఆ పైన ర్యాంకు వచ్చినవాళ్లకు సాధారణంగా ఏడాదికి 35,000 రూపాయల వరకే. మీ కాలేజీ ఫీజు లక్ష అనుకుందాం. ప్రభుత్వ వాటా తీసేస్తే ఇంకా 65,000 మీరే కట్టాలి. కంపెనీ ఇచ్చే యాభై వేలు ఆ 65,000లో సరిపెట్టుకోవచ్చు. ప్రభుత్వం కట్టేది ఒక భాగానికి, కంపెనీ కట్టేది ఇంకో భాగానికి. ఒకే ఖర్చుకు ఇద్దరి దగ్గర తీసుకోవడం లేదు కాబట్టి మీరు భయపడాల్సింది తక్కువ.

అయినా కంపెనీ పంపిన కాగితం మొత్తం చదివించండి. కొందరు దాతలు 'వేరే ఏ స్కాలర్‌షిప్పూ పొందకూడదు' అని షరతు పెడతారు. అలాంటి మాట కనిపిస్తే సంతకానికి ముందే ఒక మెయిల్ రాయించండి: 'ప్రభుత్వ ఈ-పాస్ పోర్టల్ ద్వారా మా అమ్మాయికి 35,000 వరకు వస్తుంది. మిగతా ఫీజుకు మీ సాయం వాడుకుంటాం. మీకు అభ్యంతరం ఉందా?' జవాబు కూడా మెయిల్‌లోనే రావాలి, ఫోన్లో చెబితే చాలదు. దాచిపెట్టి తీసుకుందామన్న ఆలోచన మాత్రం వద్దు. చాలామంది దాతలు రెండో ఏడాది డబ్బు ఇచ్చే ముందు ఫీజు రసీదు అడుగుతారు. అప్పుడు బయటపడితే మిగిలిన సంవత్సరాల సాయం పోతుంది. పిల్ల చదువు మధ్యలో ఆ దెబ్బ తగలడం కన్నా ఇప్పుడే అడిగి కాదనిపించుకోవడం నయం.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. రీయింబర్స్‌మెంట్ చెప్పిన వేళకు రాదు. బకాయిల మీద 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బంద్ చేసింది మీకు గుర్తుండే ఉంటుంది. డబ్బు రాలేదని కాలేజీ 'ముందు మొత్తం మీరే కట్టండి, ప్రభుత్వం ఇచ్చాక తిరిగిస్తాం' అనవచ్చు. అప్పుడు దాత యాభై వేలూ మీ సొమ్ముతో పాటు మొత్తం ఫీజు కింద జమైపోతుంది. ఏడాదో రెండేళ్లో గడిచాక 35,000 కాలేజీ ఖాతాలో పడుతుంది. అది మీ చేతికి రావాల్సిన డబ్బు. అందుకే రసీదు మీద ఆ యాభై వేలు దాత సాయమని, ఏ సంవత్సరం ఫీజుకని విడిగా రాయించుకోండి. రీయింబర్స్‌మెంట్ వస్తే ఆ మేరకు తిరిగి చెల్లిస్తామన్న మాట ప్రిన్సిపాల్ సంతకంతో తీసుకోండి. ఎవరి డబ్బు దేనికి చేరిందో చెప్పే కాగితం లేక ఎన్నో కుటుంబాలు నష్టపోతున్నాయి. ఈ విషయంలో మొహమాటపడకండి. బాకీ ఉందని ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకోవడం కూడా కాలేజీలకు తగదని యూజీసీ 2018 అక్టోబరులోనే చెప్పింది.

ఆదాయం మాటా చూసుకోండి. మూసాపేట నగరం కిందికి వస్తుంది కాబట్టి మీకు రీయింబర్స్‌మెంట్ పరిమితి ఏడాదికి రెండు లక్షలు. పల్లెల్లో ఉంటే లక్షన్నరే. ప్రైవేటు దాతల పరిమితులు వేరుగా ఉంటాయి. కోటక్ కన్యా స్కాలర్‌షిప్ ఆరు లక్షల ఆదాయం దాకా ఒప్పుకుంటుంది. పరిమితి ఏదైనా, మీసేవలో తీసిన సర్టిఫికెట్‌లోని అంకే ప్రతి దరఖాస్తులోనూ ఉండాలి. ఒక చోట ఒకటి, ఇంకోచోట ఒకటి రాస్తే రెండూ పోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న: నేను ఎస్సీ విద్యార్థినిని. కన్వీనర్ కోటాలో బీటెక్ మొదటి ఏడాది. ఫీజు మొత్తం ప్రభుత్వమే కడుతుంది. స్నేహితురాళ్లు ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెడుతున్నారు. నేనూ పెట్టనా?
– విద్యార్థిని, భరత్‌నగర్

జవాబు: తొందరపడకు తల్లీ. ప్రగతి కింద ఏడాదికి 50,000 ఇస్తారు. అయితే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల నుంచి మరో స్కాలర్‌షిప్ పొందేవాళ్లు దానికి అర్హులు కారు. నీ ఫీజు లక్ష అయితే, లక్ష వదులుకుని యాభై వేలు తెచ్చుకున్నట్టే.

ప్రైవేటు సాయం సంగతి వేరు. ఎస్సీ పోస్ట్‌మెట్రిక్ పథకంలో రెండో స్కాలర్‌షిప్‌కు వీల్లేకపోయినా పుస్తకాలకు, పరికరాలకు, బస, భోజనానికి ఇతరులు ఇచ్చే సాయం తీసుకోవచ్చని ఆ నిబంధనలే చెబుతూ వచ్చాయి. కాబట్టి దాతలను అడిగేటప్పుడు ఫీజు మాట ఎత్తకు. హాస్టల్ బిల్లు, ల్యాప్‌టాప్, మెట్రో పాస్ అని అడుగు. సాయం ఎందుకిస్తున్నారో మంజూరు లేఖలో కూడా అలాగే రాయమను. పది, ఇంటర్ ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదివి ఉంటే అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ అమ్మాయిలకు ఏడాదికి ఇచ్చే 30,000 గురించి తప్పకుండా తెలుసుకో. తెలంగాణ అమ్మాయిలకూ ఇస్తున్నారు. డబ్బు నేరుగా నీ ఖాతాకే వస్తుంది.

దాతలకూ ఒక మాట చెప్పాలి. లాభాల్లో రెండు శాతం సామాజిక సేవకు వెచ్చించాలని 2013 కంపెనీల చట్టం పెద్ద సంస్థలకు చెబుతోంది. ఆ డబ్బులో కొంత మన పిల్లల చదువులకు వస్తోంది. ఫీజు మొత్తం రీయింబర్స్ అయ్యే పిల్లలకు కూడా ట్యూషన్ ఫీజుకే ఇస్తామని పట్టుబడితే, ప్రభుత్వం ఎలాగూ కట్టేదాన్ని మీరు కట్టినట్టవుతుంది. హాస్టల్ మెస్ బిల్లు కట్టలేక క్లాసులు మానేసే పిల్లకు హాజరు 75 శాతం కన్నా తగ్గి ఆ రీయింబర్స్‌మెంట్ కూడా ఆగిపోతుంది. మెస్ బిల్లు కట్టండి. అది ఫీజును కూడా కాపాడుతుంది.

ప్రశ్న: మా బాబు చదువుకు బ్యాంకు లోను తీసుకుంటున్నాం. స్కాలర్‌షిప్ వచ్చిందని చెబితే లోను తగ్గిస్తారా?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: చెప్పండి, అది మీకే మేలు. నాలుగు లక్షలు దాటిన లోనుకు ఖర్చులో కొంత మీరు పెట్టుకోవాలి. దాన్ని మార్జిన్ అంటారు. మన దేశంలో చదువుకు 5 శాతం, విదేశానికి 15 శాతం. బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం స్కాలర్‌షిప్‌ను ఆ మార్జిన్ కింద చూపించుకోవచ్చు. ఒకవేళ లోను కొంత తగ్గినా బెంగపడకండి, తగ్గింది తీర్చాల్సిన అప్పే.

ప్రశ్న: మా అక్క కుటుంబం అమెరికాలో, మేరీల్యాండ్‌లో స్థిరపడింది. మేనల్లుడు అక్కడి పౌరుడు. బయటి సంస్థ స్కాలర్‌షిప్ ఇస్తే కాలేజీ తన సాయం తగ్గించేస్తుందట. నిజమేనా?
– ఐటీ ఉద్యోగి, మూసాపేట

జవాబు: నిజమే, చాలా కాలేజీల్లో జరుగుతుంది. అక్కడ కుటుంబ స్తోమత చూసి 'ఈ పిల్లవాడికి ఇంత సాయం అవసరం' అని లెక్క కడతారు. బయటి డబ్బు కలిసి ఆ మొత్తం దాటితే కాలేజీ ఏదో ఒకటి తగ్గించాలి. ఉచిత గ్రాంటు తగ్గిస్తే పిల్లవాడికి మిగిలేది సున్నా. అప్పు తగ్గిస్తే లాభం. అందుకే ముందు లోను, ఆ తర్వాత క్యాంపస్ పని వాటా తగ్గించి, గ్రాంటు ముట్టుకోవద్దని ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు రాయమనండి. మీ అక్క వాళ్లది మేరీల్యాండ్ కావడం కలిసొచ్చింది. అవసరం దాటనంత వరకు బయటి స్కాలర్‌షిప్ సాకుతో ప్రభుత్వ కాలేజీలు తమ సాయం తగ్గించకుండా ఆ రాష్ట్రం 2017లోనే చట్టం చేసింది. దేశంలో అదే మొదటిది. తర్వాత కాలిఫోర్నియా వంటివీ ఆ దారి పట్టాయి. అబ్బాయి చేరింది ప్రైవేటు కాలేజీ అయితే ఆ రక్షణ ఉండదు. చేరే ముందే వాళ్ల విధానం ఏమిటో రాతపూర్వకంగా అడగాలి.