అంతర కళాశాల ఫుట్‌బాల్ పోటీలు: విజేతను నిర్ణయించు పద్ధతి

ఆటలో గెలుపోటములు సహజములు. ఓడినవాడు గెలిచినవానితో చేయి కలుపుట క్రీడాధర్మము. అయితే ఒక్కసారి ఓడిన జట్టునకు మరల ఆడు అవకాశమే లేకుండ చేయు పద్ధతి మన కళాశాలలకు తగునా అను ప్రశ్నను ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి. ఇది కేవలము క్రీడాకారులకు సంబంధించిన విషయము కాదు. విశ్వవిద్యాలయ జట్టు ఎంపిక, క్రీడల కోటాలో ప్రవేశములు, ఉద్యోగములు ఈ పోటీలలో ఆడిన ఆటపై కొంత ఆధారపడియుండును. ఒక పేద విద్యార్థికి ఇది భవిష్యత్తునకు సంబంధించిన మాట.

పోటీలు నడుపు పద్ధతులు ముఖ్యముగా రెండు. మొదటిది నాకౌట్. ఇందు ప్రతి ఆటకు ఒక జట్టు తొలగిపోవును. విజేత తప్ప మిగిలినవన్నియు ఓడవలెను గనుక, జట్ల సంఖ్య కంటె ఆటల సంఖ్య ఒకటి తక్కువగా నుండును. ఎనిమిది జట్లకు ఏడు ఆటలు చాలును. జట్ల సంఖ్య 4, 8, 16 వలె రెట్టింపు వరుసలో లేనప్పుడు కొన్ని జట్లకు మొదటి విడత ఆట లేకుండ 'బై' ఇత్తురు. పదకొండు జట్లున్నచో పదునారులో నుండి పదకొండు తీసివేయగా వచ్చు అయిదు జట్లకు బై లభించును. రెండవది లీగ్. ఇందు ప్రతి జట్టు మిగిలిన అన్ని జట్లతోను ఆడును. ఎనిమిది జట్లకు ఎనిమిదిని ఏడుచే గుణించి సగము చేయగా ఇరువది యెనిమిది ఆటలగును.

నాకౌట్‌లో కాలము, ధనము మిగులును. కాని ఎనిమిది జట్లలో నాలుగు ఒక్క ఆటతోనే ఇంటి ముఖము పట్టును. దూరము నుండి వచ్చిన జట్టు తొంబది నిమిషములలో తిరుగు ప్రయాణము కట్టవలసియుండును. ఆ జట్టులో ఎంత నేర్పరి యున్నను ఎంపిక చేయువారు అతనిని ఒక్కసారి మాత్రమే చూతురు. లీగ్‌లో న్యాయమెక్కువ, కాని ఇరువది యెనిమిది ఆటలకు తగిన ధనము, దినములు మన కళాశాలలకు లేవు.

మొదటి ఓటమియే తుదితీర్పు కారాదనుటకు మన దేశ చరిత్రలోనే గొప్ప నిదర్శనము కలదు. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో భారత జట్టు తొలి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2-0 తేడాతో ఓడినది. అవి గ్రూపు ఆటలగుటచే జట్టు నిలిచినది. తరువాత థాయిలాండును, జపానును గెలిచి, సెమీ ఫైనల్‌లో దక్షిణ వియత్నాంను దాటి, ఫైనల్‌లో అదే దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకము సాధించినది. ఆ జట్టును తీర్చిదిద్దిన శిక్షకుడు మన హైదరాబాదు వాసి, పూర్వము ఉపాధ్యాయ వృత్తిలోనున్న సయ్యద్ అబ్దుల్ రహీం. పోటీలు తొలి ఆట నుండియే నాకౌట్‌గా నడిచియున్నచో రహీం సాహెబు శిష్యుల ప్రతిభ లోకమునకు తెలిసెడిది కాదు.

క్రికెట్టును చూచినను ఇదే పాఠము దొరకును. 1934-35లో ఆరంభమైన రంజీ ట్రోఫీ మొదట నాకౌట్ పద్ధతిలో నడిచినది. 1957-58 నుండి ప్రాంతముల వారీగా లీగ్ పద్ధతి ప్రవేశపెట్టబడినది. తత్ఫలితముగా చిన్న జట్లకును ఏటేట కొన్ని ఆటలు నిశ్చయముగా లభించినవి. విశ్వవిద్యాలయముల ప్రాంతీయ జట్ల క్రికెట్ పోటీకి 'విజ్జీ ట్రోఫీ' అను పేరు మన విజయనగరపు మహారాజకుమారుని పేరిట వచ్చినదే. విద్యార్థుల క్రీడలకు ఈ ప్రాంతము పేరిచ్చినది. మంచి పద్ధతిని కూడ ఈయగలదని మా ఆశ.

అమెరికాలో ఫుట్‌బాల్ అని పిలువబడునది వేరొక ఆట. అచ్చటి కళాశాల జట్లు నూరుకు మించి యుండుటచే అన్నియు పరస్పరము ఆడుట అసాధ్యము. అందువలన 2014 నుండి ఒక సంఘము నాలుగు జట్లను ఎంపిక చేసి తుది పోటీలు నడిపినది. 2023లో ఫ్లోరిడా స్టేట్ జట్టు ఆడిన పదమూడు ఆటలును గెలిచియు ఆ నాలుగింటిలో చోటు పొందలేదు. పెద్ద వివాదము చెలరేగినది. 2024 నుండి పండ్రెండు జట్లకు అవకాశమిచ్చిరి. మైదానము తేల్చవలసిన విషయమును అభిప్రాయము తేల్చినచో అసంతృప్తి తప్పదని దీనివలన తెలియుచున్నది. మన కళాశాలలు కొద్దియే గనుక మనకు ఆ చిక్కు లేదు.

ఇక మా ప్రతిపాదన. ఉదాహరణకు ఎనిమిది పట్టణముల కళాశాలలను తీసికొందము. శ్రీకాకుళము, ఆమదాలవలస, టెక్కలి, పాలకొండ ఒక వర్గము. విజయనగరము, బొబ్బిలి, పార్వతీపురము, రాజాం రెండవ వర్గము. 2022లో జిల్లాల హద్దులు మారినవి. పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోను, రాజాం విజయనగరం జిల్లాలోను చేరినవి. అయినను మేము హద్దులను గాక రాకపోకల సౌకర్యమును ప్రమాణముగా గైకొంటిమి. ఉదయము బయలుదేరి సాయంకాలమునకు ఇల్లు చేరవచ్చును గనుక బస ఖర్చుండదు.

ఒక్కొక్క వర్గమున ప్రతి జట్టు మిగిలిన మూడింటితో ఆడును. వర్గమునకు ఆరు చొప్పున పండ్రెండు ఆటలు మూడు ఆదివారములలో ముగియును. సొంత మైదానమున రెండు జట్లకు రెండేసి ఆటలు, రెండింటికి ఒక్కొక్కటి వచ్చును. మరుసటి ఏడు దీనిని తారుమారు చేయవలెను. నాలుగవ ఆదివారము సెమీ ఫైనల్స్. ఒక వర్గపు ప్రథముడు రెండవ వర్గపు ద్వితీయునితో తన మైదానమున ఆడును. అయిదవ ఆదివారము ఫైనల్. ఒక ఏడు శ్రీకాకుళమున, మరొక ఏడు విజయనగరమున. మొత్తము పదునైదు ఆటలు. ప్రతి జట్టుకు మూడు ఆటలు నిశ్చయము. తరగతులకు భంగము లేదు. అక్టోబరు, నవంబరు మాసములలో మన తీరమునకు తుపాను భయము గలదు. 2018 అక్టోబరులో తిత్లీ చేసిన నష్టమును ఎవరును మరువలేదు. కావున నవంబరు చివర ప్రారంభించి, ఒక ఆదివారమును అదనముగా ఉంచుకొని, సంక్రాంతికి ముందే ముగించుట మేలు.

గెలుపునకు మూడు, సమమునకు ఒక పాయింటు ఈయవలెను. పాయింట్లు సమమైనచో ముందుగా ఆ జట్లు తమలో తాము ఆడిన ఆటల ఫలితమును చూడవలెను. ఆ తరువాతనే గోల్స్ తేడా. గోల్స్ తేడాకే ప్రథమ స్థానమిచ్చినచో బలహీనమైన జట్టుపై గోల్స్ కుప్పవేయు దురాశ పెరుగును. చీటీ వేయుట చిట్టచివరి మార్గముగా నుండవలెను. 1968 యూరోపియన్ పోటీల సెమీ ఫైనల్‌లో ఇటలీ, సోవియట్ జట్ల ఆట గోల్ లేకుండ సమమగుటచే నాణెము ఎగురవేసి ఇటలీని ఫైనల్‌కు పంపిరి. ఆ పరిస్థితి తప్పించుటకే 1970లో పెనాల్టీ కిక్‌ల విధానము వచ్చినది.

మరొక జాగ్రత్త అవసరము. వర్గపు చివరి రెండు ఆటలు ఒకే వేళకు ప్రారంభము కావలెను. 1982 ప్రపంచ కప్పులో అల్జీరియా తన చివరి ఆటను ఒకరోజు ముందుగా ముగించినది. మరునాడు పశ్చిమ జర్మనీ 1-0తో గెలిచినచో తానును, ఆస్ట్రియాయును ముందుకు పోగలుగు స్థితి ఏర్పడినది. తొలి పది నిమిషములలో ఒక గోల్ పడినది. అంతట ఇరుపక్షములు ఆట చాలించినట్లే బంతిని అటునిటు నెట్టుకొనిరి. రెండు ఆటలు గెలిచిన అల్జీరియా ఇంటికి పోయినది. ఆ తరువాత 1986 ప్రపంచ కప్పు నుండి వర్గపు చివరి ఆటలను ఏకకాలమున జరుపుచున్నారు.

మా పద్ధతి దోషరహితమని చెప్పము. ఒకే వర్గమున మూడు బలమైన జట్లు పడినచో మూడవదానికి సెమీ ఫైనల్ అందదు. నాకౌట్‌లో మొదటి ఆటకే ఏడు ఆటల ఖర్చుతో జరుగు అన్యాయము కంటె ఇది స్వల్పము. ఆ మూడవ జట్టును ఎంపిక చేయువారు మూడుసార్లు చూచియుందురు. రిఫరీల భత్యము, ప్రయాణ వ్యయము కొంత పెరుగునన్నది నిజమే. దానిని ఎనిమిది కళాశాలలు పంచుకొనినచో భారము తేలికయగును. విద్యార్థినుల జట్లకును ఇదే పద్ధతి వర్తింపజేయవచ్చును.

కళాశాల కమిటీ పెద్దలు ఈ ప్రతిపాదనను వచ్చు విద్యా సంవత్సరపు క్రీడా ప్రణాళికలో పరిశీలించి, పొరుగు కళాశాలల వ్యాయామోపాధ్యాయులతో సంప్రదింతురని వినమ్రముగా కోరుచున్నాము. కప్పు ఒక్కరికే దక్కును. ఆడు అవకాశము మాత్రము అందరికిని దక్కవలెను.