వృక్షశాస్త్ర సహాయాచార్య పదవికి అర్హత

ప్రశ్న: వృక్షశాస్త్రమున ఎం.ఎస్సీ. ముగించితిని. విశ్వవిద్యాలయమున సహాయాచార్య పదవికి డాక్టరేటు తప్పనిసరియా?

జవాబు: కాదు. యు.జి.సి. 2018లో వెలువరించి 2023లో సవరించిన నిబంధనల ననుసరించి, స్నాతకోత్తర పరీక్షలో 55 శాతము మార్కులును, నెట్ గాని సెట్ గాని యందు ఉత్తీర్ణతయు కనీసార్హతలు, డాక్టరేటు ఐచ్ఛికము. జాతీయ స్థాయిలో వృక్షశాస్త్రమునకు ప్రత్యేకముగ నెట్ లేదు కావున, జంతుశాస్త్రమువారితోపాటు మీరును సి.ఎస్.ఐ.ఆర్. నెట్ యందలి జీవశాస్త్రముల పరీక్షనే వ్రాయవలెను. అయితే అభ్యర్థులను వడపోయునప్పుడు డాక్టరేటునకును, పరిశోధన పత్రములకును, బోధనానుభవమునకును మార్కులు గలవు. ఆ మార్కులు ఇంటర్వ్యూకు పిలుపు తెప్పించుటకే గాని, అంతిమ నిర్ణయము ఇంటర్వ్యూలో కనబరచిన ప్రతిభనుబట్టియే జరుగును. కావున ముందు నెట్ ముగింపుడు, జె.ఆర్.ఎఫ్. కూడ లభించినచో భృతితో పరిశోధనలో చేరుడు.