సగం మాత్ర ఎంత సగం?



గత నెల లంచ్ బ్రేక్‌లో మా క్లాస్ పాప ఒక చిన్న కాగితం పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది. "మేడమ్, అన్నం తిన్నాక ఇది వేసుకోమంది అమ్మ" అంది. విప్పి చూస్తే సగం మాత్ర. బ్యాగులో నలిగి రెండు ముక్కలైంది, కొంత పొడిగా రాలిపోయింది. అందులో మందు ఎంత మిగిలిందో నాకు తెలియదు. ఇవ్వడానికి ధైర్యం చాలక వాళ్ల అమ్మగారికి ఫోన్ చేశాను. పాపం, ఆవిడ ఆఫీసు నుంచి వచ్చి వేరే మాత్ర వేసి వెళ్లారు.

మర్నాడు సైన్స్ పీరియడ్‌లో ఇదే పాఠం చేసుకున్నాం. తలా ఒక సుద్దముక్క ఇచ్చి సరిగ్గా సగానికి విరవమన్నాను. ముక్కలను ల్యాబ్‌లో తూచాం. కంటికి సమానంగా కనిపించినవి కూడా తూకంలో తేడా చూపించాయి.

డోసు లెక్క

పిల్లలకు చాలా మందుల డోసును డాక్టర్లు బరువును బట్టి లెక్క కడతారు. ఒక మందు కిలోకు 10 మిల్లీగ్రాములు ఇవ్వాలి అనుకుందాం. 20 కిలోల చెల్లికి 200, 26 కిలోల అన్నకు 260 మిల్లీగ్రాములు కావాలి. షాపులో దొరికేవి 250, 500 మాత్రలే అయితే? సిరప్ ఉంటే ఇబ్బంది లేదు. లేకపోతే మాత్ర విరవడమే దారి అవుతుంది. ఈ ఇబ్బందికి ఒక కొత్త జవాబు త్రీడీ ప్రింటింగ్.

మాత్రను ప్రింట్ చేస్తారా?

త్రీడీ ప్రింటర్ కీ చెయిన్లు తయారు చేయడం మీరు ఎగ్జిబిషన్లలో చూసే ఉంటారు. ప్లాస్టిక్‌ను కరిగించి పొర మీద పొర వేస్తుంది. మందునూ ఇలాగే పొరలుగా పేర్చవచ్చు.

2015లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మొదటిసారి ఒక త్రీడీ ప్రింటెడ్ మాత్రకు అనుమతి ఇచ్చింది. పేరు స్ప్రిటామ్. అప్రీషియా అనే కంపెనీ తయారు చేసిన మూర్ఛ మందు అది. మామూలు మాత్రను పొడి మీద గట్టి ఒత్తిడి పెట్టి అచ్చు వేస్తారు. స్ప్రిటామ్‌లో అలా నొక్కరు. పలచగా పొడి పరిచి, దాని మీద ద్రవం చుక్కలు వేసి అతికిస్తారు, ఆపైన మళ్లీ పొడి. లోపల సన్నని ఖాళీలు ఉంటాయి కాబట్టి 1000 మిల్లీగ్రాముల మాత్ర కూడా గుక్కెడు నీళ్లతో నోట్లోనే సెకన్లలో విడిపోతుంది. పెద్ద మాత్ర మింగలేని పిల్లలకు, వృద్ధులకు ఇది ఎంత మేలో చెప్పనక్కర్లేదు. అయితే దీని డోసులు ముందే నిర్ణయించినవే.

స్పెయిన్‌లో నలుగురు పిల్లలు

ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క డోసు ప్రింట్ చేసే ప్రయత్నం స్పెయిన్‌లోని సాంటియాగో ద కాంపోస్టెలా ఆస్పత్రిలో జరిగింది. ఆ ఫలితాలు 2019లో వచ్చాయి. అక్కడి నలుగురు పిల్లలకు పుట్టుకతో వచ్చే ఒక అరుదైన జబ్బు ఉంది. ప్రొటీన్‌లోని కొన్ని అమైనో ఆమ్లాలను వాళ్ల శరీరం అరిగించుకోలేదు. కఠినమైన పథ్యం వల్ల ఐసోల్యూసిన్ తగ్గిపోతే, దాన్ని కొలిచి విడిగా ఇవ్వాలి.

మామూలుగా ఫార్మసిస్టు ఆ పొడిని తూచి క్యాప్సూళ్లలో నింపుతారు. ఇక్కడ ప్రింటర్‌తో చేశారు. మన జంతికల గొట్టంలాగే సిరంజి నుంచి ముద్దను వత్తి, నమిలి తినే మాత్రలుగా పేర్చారు. ముద్ద ఎంత పడితే డోసు అంత. రంగులు, రుచులు కూడా వేర్వేరుగా ఇచ్చారు. ప్రింట్ చేసిన మాత్రలు తిన్నప్పుడు రక్తంలో ఐసోల్యూసిన్ స్థాయి డాక్టర్లు కోరుకున్న అంకెకు మరింత దగ్గరగా ఉంది. నలుగురితో చేసింది చిన్న ప్రయత్నమే, కానీ దారి చూపించింది.

"మన ల్యాబ్‌లోనూ ప్రింట్ చేద్దామా మేడమ్?" అని మా పిల్లలు అడిగారు. వద్దు అన్నాను. మందు ప్రింట్ చేయాలంటే శుభ్రమైన గది, అనుమతి, ప్రతి విడతలో డోసు సరిచూసే పరీక్షలు ఉండాలి. పైగా ప్రింటర్ నెమ్మది. ఫ్యాక్టరీ యంత్రాలు గంటకు లక్షల మాత్రలు చేస్తాయి.

అప్పటిదాకా మన పని

• పిల్లల మందు రాయించుకునేటప్పుడు ఈమధ్య తూచిన బరువు చెప్పండి. "సిరప్ గానీ, నీళ్లలో కరిగే మాత్ర గానీ ఉందా?" అని అడగండి.

• మాత్ర మధ్యలో గీత లేకపోతే డాక్టరును గానీ ఫార్మసిస్టును గానీ అడగకుండా విరవకండి. నెమ్మదిగా పనిచేసే మాత్రలను విరిస్తే మందంతా ఒక్కసారిగా విడుదల కావచ్చు.

• స్కూల్లో మందు వేయాల్సి వస్తే పొట్లంలో పంపకండి. అసలు స్ట్రిప్, డాక్టరు చీటీ కాపీ ఇచ్చి, డైరీలో టైమ్ రాసి క్లాస్ టీచర్‌కు చెప్పండి.

ఈ ఆదివారం ఇంట్లో పిల్లలతో ఒక సుద్దముక్క విరిపించి చూడండి. ఏది పెద్ద సగమో వాళ్లే చెబుతారు.

మీ పిల్లల సైన్స్ టీచర్